గ్రాండ్ పియానో పొట్టలోని పలక: సౌండ్‌బోర్డు, రిబ్బులు నాదాన్ని ఎలా మలుస్తాయి

సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో ఒక పాత ఇంటి హాల్లో చిన్న గ్రాండ్ పియానో అమ్మకానికి ఉందంటే, కొనాలనుకుంటున్న స్నేహితుల కుటుంబంతో కలిసి మే నెలలో ఒక ఆదివారం వెళ్లాను. వాళ్ల అమ్మాయి గ్రేడు పరీక్షలకు తయారవుతోంది. అప్పటికే ముగ్గురు ఆ పియానోను చూసి మూడు రకాలుగా చెప్పి ఉన్నారు. ఒకాయన సౌండ్‌బోర్డు చీలింది కాబట్టి అది ఇక సామాను కిందే లెక్క అన్నారు. రెండో ఆయన చీలికతో ఏమీ కాదు, క్రౌన్ పోయింది, అసలు జబ్బు అదీ అన్నారు. మూడో ఆయన రిబ్బులు దిట్టంగా ఉన్నాయి, శ్రుతి చేయించి వాడుకోండి అన్నారు. ముగ్గురూ మాట్లాడింది ఒకే పలక గురించి. పాపం, ఆ తల్లిదండ్రులకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

నగరంలో పియానో నేర్చుకునే పిల్లలు పెరిగారు, సెకండ్ హ్యాండ్ గ్రాండ్‌లు చేతులు మారుతున్నాయి. ఈ మూడు మాటలూ అందరికీ ఎదురవుతున్నాయి. ఒక్కోదాని వెనక ఉన్న సంగతి విడదీసి చూద్దాం.

## పియానో కింద పడుకుని చూస్తే కనిపించేవి

ఫోను టార్చి వేసుకుని గ్రాండ్ పియానో కిందకు దూరితే, పైన లేత తేనె రంగులో ఒక పెద్ద చెక్క పలక కనిపిస్తుంది. అదే సౌండ్‌బోర్డు. దాదాపు అన్ని మంచి పియానోల్లోనూ ఇది స్ప్రూస్ చెక్క. మన దేవదారులాగే చలి కొండల్లో పెరిగే సూదిమొన ఆకుల చెట్టు అది. పలక మందం మధ్యలో 8, 9 మిల్లీమీటర్లకు మించదు, అంచుల దగ్గర ఇంకా పలచన. మధ్యలో మందంగా, అంచులకు పలచగా చెక్కే ఒక పద్ధతికి స్టైన్‌వే కంపెనీ 1936లో పేటెంటు కూడా తీసుకుంది.

పలక మీద సన్నని గీతలు దగ్గరదగ్గరగా ఒకే దిక్కుకు సాగుతాయి. అది చెక్క నార. ఆ నారకు అడ్డంగా, జానెడు కన్నా తక్కువ దూరంలో ఒకటి చొప్పున, పది పన్నెండు, పెద్ద పియానోల్లో ఇంకా ఎక్కువ కర్ర బద్దలు అంటించి ఉంటాయి. ఇవే రిబ్బులు, అంటే పక్కటెముకలు. గొడుగు గుడ్డకు ఊచలు ఎలాగో పలకకు ఇవి అలాగ.

పలకకు పైవైపున బ్రిడ్జి అనే కర్ర పట్టీ ఉంటుంది. తీగలు దాని మీదుగా సాగి అవతల పోత ఇనుప ఫ్రేముకు బిగిసి ఉంటాయి. 88 మెట్లకు 230 దాకా తీగలు. వాటన్నిటి లాగుడు కలిపితే 18 నుంచి 20 టన్నులు. ఆ లాగుడంతా ఇనుప ఫ్రేము భరిస్తుంది. కానీ తీగ బ్రిడ్జి దగ్గర కొద్దిగా వంగుతుంది కాబట్టి, కాస్త బరువు కిందికి, పలక మీదికి దిగుతుంది. దీన్ని డౌన్‌బేరింగ్ అంటారు. లెక్క సులువే: 18 టన్నుల లాగుడు, సగటున 1 డిగ్రీ వంపు అనుకుంటే పలక మీద పడేది 314 కిలోలు. ఒకటిన్నర డిగ్రీ అయితే 470 కిలోలు. అర అంగుళం కూడా లేని చెక్క పలక మీద ఐదారుగురు మనుషులు పగలూ రాత్రీ నిలబడి ఉన్నట్టు.

రిబ్బులు లేకుండా ఆ పలక ఆ బరువు మోయలేదు. వంటచెరకు చీల్చినవాళ్లకు తెలుసు, కట్టె నార వెంట ఎంత సులువుగా విడిపోతుందో. స్ప్రూస్‌లో నార వెంట ఉండే బిగువు (అంటే వంగకుండా నిలిచే గట్టిదనం), అడ్డంగా ఉండే బిగువుకు పది రెట్లకు పైగా ఎక్కువ. నార వెంట అల వేగంగా పరిగెడుతుంది, అడ్డంగా ఈడుస్తూ పోతుంది. అడ్డంగా అంటించిన రిబ్బు ఆ తేడాను పూడ్చి, పలక రెండు దిక్కులా ఇంచుమించు ఒకేలా కదిలేలా చేస్తుంది. రిబ్బు బరువు మోసే దూలమే కాదు, అల నడిచే దారి కూడా.

## పలకకు ప్లగ్గు లేదు: గట్టిదనం, నిలకడ మధ్య బేరం

సౌండ్‌బోర్డు శబ్దాన్ని పెంచుతుందని చాలామంది రాస్తారు. ఈ మాట దగ్గరే సగం తికమక మొదలవుతుంది. యాంప్లిఫయర్ కరెంటు నుంచి కొత్త శక్తి తెచ్చుకుంటుంది. పలకకు ప్లగ్గు లేదు. సుత్తి తీగను కొట్టినప్పుడు ఇచ్చిన శక్తే మొత్తం ఆస్తి. సన్నటి తీగ గాలిని పెద్దగా కదిలించలేదు కాబట్టి ఆ శక్తిని వెడల్పాటి పలక అందుకుని గాలికి ఇస్తుంది. ఎంత వేగంగా ఇస్తుందన్నదే అసలు ప్రశ్న.

మేడ మీది నీళ్ల ట్యాంకును తలుచుకోండి. నిండిన ట్యాంకుకు పెద్ద కుళాయి పెడితే ధార జోరుగా వస్తుంది, తొందరగా అయిపోతుంది. చిన్న కుళాయి పెడితే ధార సన్నం, కానీ చాలాసేపు వస్తుంది. ట్యాంకులో నీళ్లు మాత్రం అన్నే. పియానోలో ఆ కుళాయి సైజును నిర్ణయించేది పలక ఇంపిడెన్స్, అంటే తీగ కదిలించబోతే పలక ఎంత మొరాయిస్తుందో ఆ కొలత. బిగువు పెరిగినా, బరువు పెరిగినా ఇంపిడెన్స్ పెరుగుతుంది.

పలక మరీ పలచగా, రిబ్బులు మరీ బలహీనంగా ఉంటే స్వరం డప్పు మీద దెబ్బలా ఠక్కున మోగి చప్పున ఆరిపోతుంది. మరీ మందంగా, బిగువుగా ఉంటే స్వరం చాలాసేపు నిలుస్తుంది కానీ హాలు వెనక వరుసకు చేరదు. గట్టిగా మోగాలి, చాలాసేపూ నిలవాలి అంటే రెండూ పూర్తిగా దొరకవు. మంచి డిజైన్ అంటే ఆ బేరం తెలివిగా కుదిరిన డిజైన్. తీగ కన్నా పలక వంద రెట్లకు పైగా మొండిగా ఉంటుంది కాబట్టే పియానో స్వరం కొన్ని సెకన్లు బతుకుతుంది.

ఇందులో ఒక అందమైన మెలిక ఉంది. అమెరికా భౌతిక శాస్త్రవేత్త గేబ్రియల్ వైన్‌రైక్ 1977లో దాన్ని వివరించారు. కొట్టిన తీగ పైకీ కిందికీ ఊగుతుంది, కొద్దిగా పక్కలకూ ఊగుతుంది. పైకీ కిందికీ ఊగే శక్తిని పలక త్వరగా తీసేసుకుంటుంది. పక్కకు పలక అంత సులువుగా కదలదు కాబట్టి ఆ శక్తి నెమ్మదిగా ఖర్చవుతుంది. పైగా ఒకే స్వరానికున్న మూడు తీగలు క్రమంగా ఒకదానికొకటి ఎదురు తిరిగి ఊగడంతో బ్రిడ్జి మీద వాటి ఒత్తిడి తగ్గిపోతుంది. అందుకే పియానో స్వరం ముందు జోరుగా పడిపోయి, ఆ తర్వాత సన్నని తోకలా సాగుతుంది. మనం "పాడుతోంది" అని మెచ్చుకునేది ఆ తోకనే.

మన బొబ్బిలి వీణతో పోల్చి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. ఒకే పనస దుంగను తొలిచి చేసే వీణకు ఏడు తీగలు, అందులో నాలుగు వాయించేవి. వాయించేవాళ్ల ఎడమచేయి మీటిన తర్వాత కూడా తీగను లాగి స్వరాన్ని బతికిస్తుంది. పియానోలో మెట్టు నొక్కాక ఆ స్వరం మన చేతుల్లో ఉండదు. దాని భవిష్యత్తు మొత్తం పలకా రిబ్బులూ ముందే రాసి పెట్టి ఉంటాయి.

## రిబ్బును 2 మిల్లీమీటర్లు ఎత్తు పెంచితే

రిబ్బు డిజైన్‌లో అన్నిటికన్నా పెద్ద మీట దాని ఎత్తు. దూలం బిగువు వెడల్పుతో నేరుగా పెరుగుతుంది కానీ, ఎత్తుతో మూడో ఘాతంలో పెరుగుతుంది. పెంకుటిళ్ల వడ్రంగులు దూలాన్ని పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టేది ఇందుకే.

25 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. ఎత్తున్న రిబ్బు ఒకటి ఉందనుకుందాం. వెడల్పును 27.5కు పెంచితే బరువు 10 శాతం, బిగువు 10 శాతం పెరుగుతాయి. వెడల్పు అలాగే ఉంచి ఎత్తును 22కు పెంచితే బరువు మళ్లీ 10 శాతమే పెరుగుతుంది, బిగువు మాత్రం 33 శాతం. అంతే చెక్క వాడినా ఫలితంలో ఇంత తేడా. సన్నగా, ఎత్తుగా ఉన్న రిబ్బులు తక్కువ బరువుతో ఎక్కువ బిగువు ఇస్తాయి. వెడల్పుగా, పొట్టిగా ఉన్నవి బరువు పెంచుతాయి, బిగువు అంతగా ఇవ్వవు. బిగువైన తేలిక పలకలో నాదం చురుగ్గా, మెరుపుతో వస్తుంది. మెత్తని బరువైన పలకలో నిండుగా, కాస్త మసకగా వస్తుంది. రెండు పలకల ఇంపిడెన్స్ ఒకటే అయినా చెవికి ఒకేలా వినిపించకపోవడానికి కారణాల్లో ఇదొకటి.

పొడవుదీ ఇలాంటి లెక్కే, కాకపోతే తలకిందులుగా. 60 సెం.మీ. రిబ్బును, అదే మందమున్న 120 సెం.మీ. రిబ్బును ఒకే బరువుతో నొక్కితే పొడుగుది ఎనిమిది రెట్లు ఎక్కువ వంగుతుంది. గ్రాండ్ పియానో ఆకారం చూడండి: తార స్థాయి వైపు పలక ఇరుకు, అక్కడి రిబ్బులు పొట్టివి, బిగువైనవి. మధ్యలో పొడుగువి, మెత్తనివి. పక్షి రెక్కలాంటి ఆ ఆకారం తీగల పొడవులను బట్టి వచ్చిందే అయినా, పలక బిగువును కూడా స్థాయిని బట్టి పంచిపెడుతుంది.

రిబ్బు చివరలను మాత్రం దాదాపు అందరూ పలచగా చెక్కేస్తారు. మధ్యలో ఎత్తు, కొసలకు సన్నం. పలక అంచుల దగ్గర కాస్త వదులుగా ఉంటే మొత్తం ఒక పొరలా కదలగలుగుతుంది. ఎంత దూరం నుంచి పలచన చేయాలన్నది ఒక్కో తయారీదారు ఒక్కోలా చేస్తారు. మంద్ర స్థాయి స్వరాల తీరు దీని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

## రిబ్బుల మధ్య సందుల్లో చిక్కుకునే అలలు

ఇంతవరకూ పలకనూ రిబ్బులనూ కలిపి ఒకే పలకగా చూశాం. కింది స్వరాలకు అది సరిపోతుంది, ఎందుకంటే వాటి అలలు పెద్దవి, రిబ్బుల మీదుగా దాటిపోతాయి. శ్రుతి పెరిగేకొద్దీ అల పొడవు తగ్గుతుంది. సుమారు 1000 హెర్ట్జ్ దాటాక, అంటే కీబోర్డు మధ్యలో ఉండే సి స్వరం (మధ్య సి) నుంచి రెండు ఆక్టేవులు, అంటే రెండు స్థాయిలు, పైకి వచ్చేసరికి, అలలో సగం పొడవు రెండు రిబ్బుల మధ్య దూరానికి దగ్గరపడుతుంది. అక్కడి నుంచి రిబ్బులు గట్ల లాగా, వాటి మధ్య సందులు కాలవల లాగా పనిచేస్తాయి. అలలు పలకంతా పరుచుకోవడం మానేసి, ఆ కాలవల్లోనే ఎక్కువగా ప్రయాణిస్తాయి.

అంటే కింది స్వరాలకు రిబ్బు ఎత్తు ముఖ్యం, పై స్వరాలకు రిబ్బుల మధ్య దూరం, ఆ సందులో పలక మందం కూడా అంతే ముఖ్యం. దూరాలన్నీ ఒకేలా ఉంటే సందులన్నీ ఒకే శ్రుతుల దగ్గర ప్రతిస్పందిస్తాయి. అందుకే దూరాలను కావాలనే కాస్త అటూ ఇటూ చేసే డిజైన్లు ఉన్నాయి.

మధ్య సి పైన ఒకటి రెండు ఆక్టేవుల ప్రాంతాన్ని పియానో మెకానిక్కులు కిల్లర్ ఆక్టేవ్ అంటారు. పాట నడిచే చోటు అదే, స్వరం తొందరగా చచ్చిపోయేదీ అక్కడే. కారణం మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. పలక అక్కడ వంపు కోల్పోవడమే కారణమని కొందరు, మొదటి నుంచీ అక్కడ బిగువు చాలక అని ఇంకొందరు అంటారు. పలకను అనకముందు సుత్తి ఫెల్టు గట్టిపడిందేమో, అది తీగకు తగిలే చోటు తప్పిందేమో చూడండి అనేవాళ్లూ ఉన్నారు. నా అనుభవంలో మూడో వర్గం మాట తేలిగ్గా తీసేయకూడదు. సుత్తి సరిచేశాక బతికిన స్వరాలు విన్నాను.

## చిన్న గ్రాండ్‌లో మంద్రం ఎందుకు పలచబడుతుంది

పియానోలో అన్నిటికన్నా కింది స్వరం 27.5 హెర్ట్జ్. ఐదడుగుల చిన్న గ్రాండ్ పలక అంత నెమ్మదిగా ఊగలేదు. పలక సొంత ఊపు మొదలయ్యేదే అంతకు చాలా పైన. 274 సెం.మీ. కచేరీ గ్రాండ్ కూడా ఆ మూల స్వరాన్ని అంతంతమాత్రంగానే వెలువరిస్తుంది. మరి మనకెలా వినిపిస్తోంది? మూల స్వరంతో పాటు మోగే పై అనుస్వరాలను విని, లేని మూలాన్ని చెవే పూరించుకుంటుంది. ఫోను స్పీకర్లో మృదంగం ఎడమవైపు గుంకీ అందినట్టు అనిపించడం కూడా ఇలాంటిదే.

చిన్న పియానోలో మంద్ర తీగల బ్రిడ్జి పలక అంచుకు దగ్గరగా పడుతుంది, అక్కడ పలక బిగువు ఎక్కువ. కొసల్ని పలచన చేసి, అక్కడి రిబ్బుల ఎత్తు తగ్గించి కొంత మేలు చేయవచ్చు. పొడవును మాత్రం ఏ రిబ్బూ తెచ్చి ఇవ్వలేదు.

## క్రౌన్: పలకను వంచేది ఎవరు?

సౌండ్‌బోర్డు చదునుగా ఉండదు. తీగల వైపుకు కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బే క్రౌన్. దాన్ని తెచ్చే దారులు రెండు, వాదన అంతా ఇక్కడే.

మొదటి దారిలో రిబ్బులు నిటారుగానే ఉంటాయి. పలకను బాగా ఆరబెట్టి, తేమ 4, 5 శాతానికి దించి, రిబ్బులను అంటిస్తారు. తర్వాత మామూలు గాలిలోకి తెస్తే పలక తేమ పీల్చి అడ్డంగా ఉబ్బాలని చూస్తుంది. కిందివైపు రిబ్బులు పట్టేస్తాయి, పైవైపు సాగుతుంది, మొత్తం విల్లులా వంగుతుంది. దీన్ని కంప్రెషన్ క్రౌన్ అంటారు. పలక ఎప్పుడూ లోలోపల నొక్కుడులో ఉంటుంది.

రెండో దారిలో రిబ్బులనే వంపుగా కోస్తారు. పలకను మరీ అంతగా ఆరబెట్టరు. వంపు రిబ్బులదే, బరువు మోసేదీ ఎక్కువగా రిబ్బులే. సాధారణంగా 18 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ముక్కలా ఆ వంపు ఉంటుంది. 120 సెం.మీ. రిబ్బుకు లెక్కేస్తే మధ్యలో లేచే ఎత్తు 10 మి.మీ. తీగలు బిగించాక డౌన్‌బేరింగ్ కింద అందులో కొంత అణుగుతుంది.

మొదటి పద్ధతిని ఇష్టపడేవాళ్లు చెప్పేది, తక్కువ బరువు రిబ్బులతో పలక తేలిగ్గా, సజీవంగా ఉంటుందని. పేరున్న ఎన్నో పాత పియానోలు అలా తయారైనవే. రెండో పద్ధతివాళ్లు, స్ప్రూస్ అడ్డంగా అంత నొక్కుడును దశాబ్దాల పాటు తట్టుకోలేదని, చెక్క కణాలు నలిగితే ఆ బిగువు తిరిగి రాదని అంటారు. వంపును రిబ్బుకే అప్పగిస్తే ఒక పియానోకూ ఇంకో పియానోకూ తేడా తగ్గుతుందని కూడా. ఈ పద్ధతిలో పలక బరువెక్కి నాదం బిగదీసుకుంటుందని మొదటివాళ్ల ఆక్షేపణ. ఇప్పుడు చాలామంది రెండిటినీ కలిపి చేస్తున్నారు. క్రౌన్ అనే ఆకారమే నాదాన్ని ఇస్తుందా, లేక ఆ వంపు తెచ్చే బిగువా అన్నది వేరే ప్రశ్న. నాకు రెండోదే సబబుగా తోస్తుంది. దాదాపు చదునైపోయి కూడా కమ్మగా పలికే పాత పియానోలు ఉన్నాయి, అది ఇంకోలా ఎలా సాధ్యం?

పలక చుట్టూ ఉండే అంచు చట్రం విషయంలోనూ రెండు దారులున్నాయి. చట్రం రాయిలా గట్టిగా ఉండి అలను పలకలోకే తిప్పికొట్టాలని మేపుల్, బీచ్ లాంటి గట్టి కలప వాడేవాళ్లు ఎక్కువ. వియన్నాకు చెందిన బోసెండోర్ఫర్ మాత్రం చట్రంలోనూ స్ప్రూస్ వాడి, పెట్టె అంతా మోగాలంటుంది. అమెరికాలో మేసన్ అండ్ హ్యామ్లిన్ పియానోల కింద నడిమి నుంచి చట్రానికి చక్రపు ఆకుల్లా సాగే ఉక్కు కడ్డీలుంటాయి. చట్రం విచ్చుకుంటే క్రౌన్ పోతుందన్న భయంతో, 1900లో పేటెంటు తీసుకున్న ఏర్పాటు అది.

## మే నెల హైదరాబాద్, ఆగస్టు హైదరాబాద్

వానాకాలం తలుపు ఉబ్బి బిగుసుకుంటుంది, ఎండాకాలం గడియ వదులవుతుంది. సౌండ్‌బోర్డుకూ అదే జరుగుతుంది. గాలిలో తేమ 30 శాతం ఉంటే చెక్కలో 6 శాతం దగ్గర స్థిరపడుతుంది, గాలిలో 70 ఉంటే 13కు చేరుతుంది. స్ప్రూస్ పలక నారకు అడ్డంగా, చెక్క తేమ ఒక్క శాతం మారితే మీటరుకు దాదాపు 1.5 మి.మీ. మారుతుంది. 7 శాతం తేడా అంటే మీటరుకు 10 మి.మీ. పైనే! రిబ్బులూ చట్రమూ పట్టుకుని ఉన్నాయి కాబట్టి పలక అంత సాగలేదు. ఆ సాగలేనిదంతా వానాకాలంలో నొక్కుడుగానూ క్రౌన్ లేవడంగానూ, వేసవిలో లాగుడుగానూ మారుతుంది.

ఆగస్టులో పలక లేచి తీగలను పైకి నెడుతుంది, ముఖ్యంగా మధ్య స్థాయిలో శ్రుతి పెరుగుతుంది. మేలో దిగిపోతుంది, చీలిక తెరుచుకుంటుంది. మన ఇళ్లలో ఇంకో సంగతి, వాటర్ కూలర్. మిట్టమధ్యాహ్నం ఎండిన గాలి, సాయంత్రం కూలర్ వేయగానే తడిగాలి. వార్నిషు ఉన్న పలక గంటల్లో పూర్తిగా మారదు కానీ వారాల తరబడి ఆ ఊగిసలాటలో ఉంటుంది.

కంప్రెషన్ క్రౌన్ పలక వానాకాలపు అదనపు నొక్కుడును తనే భరించాలి. ఒక్కో ఏడు కొద్దికొద్దిగా నలిగి, తర్వాతి వేసవిలో చీలుతుంది. రిబ్బులే వంపు మోసే పలకలో ఆ భారం తక్కువ, అలాగని చీలకుండా ఉంటుందన్న హామీ లేదు. పొరలు అంటించిన లామినేటెడ్ పలకలు వాతావరణాన్ని బాగా తట్టుకుంటాయి, నాదంలో ఏక చెక్క సొగసు తగ్గుతుందని చాలామంది అభిప్రాయం. జర్మనీలో స్టైన్‌గ్రేబర్ లాంటివాళ్లు కార్బన్ ఫైబర్ పలకనూ ఇస్తున్నారు. దానికి తేమ బాధ దాదాపు లేదు. అది పియానో నాదమేనా అన్న చర్చ మాత్రం తెగలేదు.

## మళ్లీ మారేడ్‌పల్లి పియానో కిందికి

మొదటాయన చెప్పిన చీలిక ఉంది. వెంట్రుకంత సన్నం, మధ్యలో నల్లటి దుమ్ము, అంటే కొత్తది కాదు. రిబ్బులు గట్టిగా పట్టుకుని ఉన్నంతవరకూ ఒక సన్నని చీలిక పలక కదలికను పెద్దగా మార్చదు. ఎన్నో పాత పియానోలు చీలికలతోనే కచేరీలు చేస్తున్నాయి.

రెండో ఆయన మాట చూడటానికి, అన్నిటికన్నా పొడుగు రిబ్బు పక్కన పలక అడుగున ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం లాగి పట్టుకున్నాం. మధ్యలో దారానికీ పలకకూ ఎడం పోస్టుకార్డు మందమంత ఉంది. తక్కువే. కానీ అది మే నెల కొలత, పలక ఏడాదిలో అన్నిటికన్నా కిందికి దిగే రోజులు.

చివరికి అమ్మాయిని ఐదో ఆక్టేవులో ఒక్కో స్వరం నొక్కి పట్టుకోమన్నాను. నాలుగైదు స్వరాలు బాగానే సాగాయి. తర్వాతి స్వరం దగ్గర, నాదం తోకలో, సన్నగా జిర్రుమంది. చీలిక దాటే చోట ఒక రిబ్బు జిగురు వదిలి, కాగితమంత ఎడంతో పలకకు తగిలీ తగలకుండా ఉంది. దిట్టంగా ఉన్నాయన్న రిబ్బుల్లోనే అదొకటి. బొటనవేలితో రిబ్బును పైకి, పలకకేసి ఒత్తి మళ్లీ నొక్కమన్నాను. జిర్రు ఆగిపోయింది. స్వరం శుభ్రంగా, చివరిదాకా సాగింది. వేలు తీశాను, మళ్లీ వచ్చింది.